బెంగళూరులో కూర్చుని ఆడే ఫాంటసీ ఫుట్‌బాల్ లీగ్: బెంచ్ ఎంత పెట్టాలి, వేవర్ ఎలా నడపాలి

ఏటా ఆగస్టులో, డ్రాఫ్ట్‌కు, అంటే ఆటగాళ్లను వంతులవారీగా పంచుకునే రోజుకు, ఇంకా రెండు మూడు వారాలు ఉందనగా, మా లీగ్ వాట్సాప్ గ్రూపులో ఒకే తగువు మొదలవుతుంది. బెంచ్ మీద ఎంతమందిని ఉంచుకోనివ్వాలి, ఎవరి జట్టులోనూ లేని ఆటగాణ్ణి ముందు ఎవరు తీసుకోవాలి అన్నవే ఆ తగువులోని రెండు ప్రశ్నలు. మేము పదిమందిమి. ఆరుగురం బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల ఉంటాము. ఒకరు చెన్నైలో, ముగ్గురు అమెరికాలో ఉంటారు. అందరమూ బంధువులమో, ఒకే కాలేజీలో చదువుకున్నవాళ్లమో కావడంతో ఆటలో పుట్టిన పేచీ ఆటతో ఆగదు, సంక్రాంతికి ఊరికి వెళ్లినా వెంట వస్తుంది. లీగ్ మొదలైన నాటి నుంచి కమిషనర్ పని, అంటే లీగ్‌ను నడిపే పని, నా నెత్తిన ఉంది కనుక, ఇటువంటి లీగ్‌ను కొత్తగా పెట్టబోయేవారికీ, ఉన్న నియమాలతో విసిగినవారికీ పనికివస్తుందని ఈ పోలిక రాస్తున్నాను.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్, అంటే ఎన్ఎఫ్ఎల్. ఫాంటసీ లీగ్‌లో ప్రతి మేనేజరూ నిజమైన ఆటగాళ్లను డ్రాఫ్ట్‌లో ఎంచుకుని సొంత జట్టు కడతాడు, వారం వారం వారిలో కొందరిని లైనప్‌గా బరిలో దింపుతాడు, మైదానంలో వారు ఆడినదాన్ని బట్టి పాయింట్లు వస్తాయి. ఈ కాలక్షేపాన్ని 1962లో ఓక్లాండ్ రైడర్స్ జట్టు భాగస్వాముల్లో ఒకరైన బిల్ వింకెన్‌బాక్ మరికొందరితో కలిసి న్యూయార్క్‌లోని ఒక హోటల్‌లో రూపొందించారు. వారి లీగ్ ఓక్లాండ్ చుట్టూ అల్లుకున్నది, వారందరికీ గడియారం ఒక్కటే. ఈనాటి యాప్‌లలో ముందుగానే అమర్చి ఉండే నియమాలు కూడా చాలావరకు ఆ ఊహ మీదే నిలబడి ఉన్నాయి. మనకు ఇబ్బంది మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

## ముందుగా తేల్చుకోవలసినవి

రోస్టర్ (జట్టులో ఎంతమంది, ఏ స్థానాల్లో అన్నది), వేవర్ (ఎవరి జట్టులోనూ లేని ఆటగాణ్ణి ఎవరికి ఇవ్వాలో తేల్చే పద్ధతి) అనేవి సెట్టింగుల్లో రెండు వేర్వేరు పేజీలుగా కనిపిస్తాయి గాని, నిజానికి అవి ఒకే నిర్ణయానికి రెండు కొసలు. బెంచ్ పెంచితే వేవర్‌లో మిగిలే సరుకు తగ్గుతుంది, బెంచ్ తగ్గిస్తే వారం వారం వేవర్ మీద యుద్ధం పెరుగుతుంది. అందువల్ల రెండింటినీ కలిపే తూచాలి. తూచడానికి నేను చూసేవి నాలుగు.

మొదటిది, జట్లు ఎన్ని అన్నది. రెండవది, మీ లీగ్‌లో అందరికంటే తక్కువ సమయం వెచ్చించే వ్యక్తి వారానికి ఎన్ని నిమిషాలు ఇవ్వగలడన్నది. అందరికంటే ఉత్సాహవంతుణ్ణి దృష్టిలో పెట్టుకుని నియమాలు రాసిన లీగ్‌లో అక్టోబరు చివరికల్లా ముగ్గురు నలుగురు లైనప్ పెట్టడం మానేస్తారు, ఆ తరువాత మిగిలినవారి పోటీకి కూడా విలువ ఉండదు. మూడవది, ఎవరి గడియారం ఏ వేళ చూపిస్తుందన్నది. నాలుగవది, అదృష్టానికి ఎంత వాటా ఇవ్వదలచుకున్నారన్నది. బంధువుల లీగ్‌లో కాస్త అదృష్టం ఉండడమే మేలని నా అభిప్రాయం. మరీ నైపుణ్యం మీదే నడిస్తే ఒకరిద్దరే ఏటా గెలుస్తారు, మిగతావారికి మరుసటి ఆగస్టులో ఫోన్ చేసి బతిమాలుకోవలసి వస్తుంది.

వీటిలో మూడవదానిని ఎవరూ పట్టించుకోరు కనుక దాని దగ్గర కాస్త ఆగుతాను.

## గడియారం సంగతి

ఎన్ఎఫ్ఎల్ సీజన్ 18 వారాలు, అందులో ప్రతి జట్టూ 17 ఆటలు ఆడి ఒక వారం బై, అంటే విశ్రాంతి, తీసుకుంటుంది. సెప్టెంబరులో అమెరికా తూర్పు తీరానికీ మనకూ తేడా తొమ్మిదిన్నర గంటలు. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారాన్ని వెనక్కి తిప్పగానే అది పదిన్నర గంటలవుతుంది.

| వ్యవహారం | అమెరికా తూర్పు తీరం | భారత కాలం, నవంబరు మార్పుకు ముందు | మార్పు తరువాత |
|---|---|---|---|
| గురువారం రాత్రి ఆట | గురు 8:15 | శుక్ర ఉదయం 5:45 | శుక్ర ఉదయం 6:45 |
| ఆదివారం మొదటి విడత ఆటలు | ఆది మధ్యాహ్నం 1:00 | ఆది రాత్రి 10:30 | ఆది రాత్రి 11:30 |
| రెండవ విడత | ఆది సాయంత్రం 4:05, 4:25 | సోమ వేకువ 1:35, 1:55 | సోమ వేకువ 2:35, 2:55 |
| ఆదివారం రాత్రి ఆట | ఆది 8:20 | సోమ ఉదయం 5:50 | సోమ ఉదయం 6:50 |
| సోమవారం రాత్రి ఆట | సోమ 8:15 | మంగళ ఉదయం 5:45 | మంగళ ఉదయం 6:45 |
| వేవర్ తీర్పు, చాలా యాప్‌లలో | బుధ వేకువ 3 గంటల ప్రాంతం | బుధ మధ్యాహ్నం 12:30 ప్రాంతం | బుధ మధ్యాహ్నం 1:30 ప్రాంతం |

ఆ రోజు ఎవరెవరు ఆడడం లేదో చెప్పే జాబితాను ప్రతి జట్టూ ఆట మొదలవడానికి 90 నిమిషాల ముందు ప్రకటిస్తుంది. మొదటి విడత ఆటలకు అది మనకు ఆదివారం రాత్రి తొమ్మిది గంటలకు, నవంబరు మార్పు తరువాత పది గంటలకు వస్తుంది. భోజనం ముగించి, ఫోన్ తీసి, లైనప్ సరిచేసుకోవడానికి అంతకంటే అనువైన వేళ లేదు. రెండవ విడత జాబితా వచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఆదివారం రాత్రి, సోమవారం రాత్రి ఆటల జాబితాలు మనకు తెల్లవారుజామున నాలుగు గంటల తరువాత గాని రావు. కాబట్టి సగం ఆటల విషయంలో బెంగళూరు మేనేజరుకూ అమెరికా మేనేజరుకూ సమానంగా వార్త అందుతుంది, తక్కిన సగంలో అందదు.

అయితే నష్టం ఎప్పుడూ మన వైపే ఉంటుందనుకోవడం పొరపాటు. బుధవారం మధ్యాహ్నం పన్నెండున్నరకు వేవర్ తీర్పు వెలువడేసరికి మేము ఆఫీసు క్యాంటీన్‌లో ఉంటాము. పళ్లెం పక్కనే ఫోన్ పెట్టుకుని, పెరుగన్నం కలుపుతూనే, ఎవరూ అడగకుండా మిగిలిపోయిన మంచి డిఫెన్స్‌నో కిక్కర్‌నో ఎడమచేత్తో జట్టులో చేర్చుకునే అవకాశం మాకు దక్కుతుంది. ఆ సమయంలో డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఉన్నవారు గాఢనిద్రలో ఉంటారు. మా లీగ్‌లో అమెరికావాళ్లు చేసే ఫిర్యాదు ఇదే, అది న్యాయమైనదే.

## రోస్టర్: పొట్టి బెంచ్, మధ్యస్థ బెంచ్, పొడుగు బెంచ్

బరిలో దిగే తొమ్మిదిమంది గురించి పెద్దగా వివాదం ఉండదు: ఒక క్వార్టర్‌బ్యాక్, ఇద్దరు రన్నింగ్ బ్యాక్‌లు, ఇద్దరు వైడ్ రిసీవర్లు, ఒక టైట్ ఎండ్, ఒక ఫ్లెక్స్ (రన్నింగ్ బ్యాక్, రిసీవర్, టైట్ ఎండ్‌లలో ఎవరైనా), ఒక కిక్కర్, ఒక డిఫెన్స్ (ఒక జట్టు రక్షణ దళం మొత్తం). తగువంతా బెంచ్ గురించే.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. 32 జట్లలో ప్రతి జట్టు నుంచీ వారం వారం నమ్మదగినవారు సుమారుగా ఒక క్వార్టర్‌బ్యాక్, ఇద్దరు రన్నింగ్ బ్యాక్‌లు, ముగ్గురు రిసీవర్లు, ఒక టైట్ ఎండ్ అనుకుంటే మొత్తం 224 మంది అవుతారు. కిక్కర్నూ డిఫెన్స్‌నూ పక్కన పెట్టి, మీ లీగ్ ఆ 224 మందిలో ఎంతమందిని మింగేస్తుందో చూస్తే చాలు, వేవర్‌లో ఏమి మిగులుతుందో తెలిసిపోతుంది.

| అమరిక | 10 జట్లు | 12 జట్లు | 14 జట్లు |
|---|---|---|---|
| బరిలో 9 + బెంచ్ 4 | 110 | 132 | 154 |
| బరిలో 9 + బెంచ్ 6 | 130 | 156 | 182 |
| బరిలో 9 + బెంచ్ 10 | 170 | 204 | 238 |

పొట్టి బెంచ్, అంటే నాలుగు. డ్రాఫ్ట్‌లో తప్పు చేసినవారు కూడా అక్టోబరుకల్లా కోలుకోగలరు, ఎందుకంటే వేవర్‌లో ఎప్పుడూ సరుకు ఉంటుంది. కొత్తగా ఆట నేర్చుకుంటున్నవారికి ఇది దయగల అమరిక. ఇబ్బందల్లా బై వారాల్లో వస్తుంది. అయిదవ వారం మొదలు పద్నాలుగవ వారం వరకు బైలు నడుస్తాయి, కొన్ని వారాల్లో ఆరు జట్ల వరకు విశ్రాంతిలో ఉంటాయి. అప్పుడు నలుగురే ఉన్న బెంచ్‌తో లైనప్ నింపాలంటే మంచి ఆటగాణ్ణి వదులుకోక తప్పదు. వదులుకున్నవాణ్ణి ప్రత్యర్థి ఎత్తుకుపోతే ఆ బాధ జనవరి దాకా ఉంటుంది.

పొడుగు బెంచ్, అంటే పది. ఇది ఓపిక గలవారి ఆట. ఇంకా ఆడని కొత్త కుర్రాణ్ణి ఎనిమిది వారాలు కూర్చోబెట్టి, అతని రోజు వచ్చినప్పుడు బరిలో దింపే ఆనందం దీనిలోనే ఉంది. ఏటా ఆటగాళ్లను నిలుపుకునే కీపర్ లీగ్‌లకు, డైనస్టీ లీగ్‌లకు ఇది తప్పనిసరి కూడా. అయితే పట్టిక చివరి గడి చూడండి: 14 జట్లతో పది బెంచ్ పెడితే 238 అవుతుంది, అంటే ఉన్న సరుకు కంటే ఎక్కువ. అలాంటి లీగ్‌లో ఒక ముఖ్యుడు గాయపడితే అతని స్థానంలో చేర్చుకోవడానికి ఎవరూ ఉండరు, సెప్టెంబరులోనే ఆ మేనేజరు సీజన్ ముగిసిపోతుంది.

మధ్యస్థ బెంచ్, అంటే ఆరు. పది జట్ల లీగ్‌కు నేను నిస్సంకోచంగా చెప్పేది ఇదే. 12 జట్లకు అయిదూ ఆరూ రెండూ నడుస్తాయి.

క్వార్టర్‌బ్యాక్‌ను కూడా పెట్టుకోనిచ్చే రెండవ ఫ్లెక్స్, అంటే సూపర్‌ఫ్లెక్స్, గురించి ఒక మాట. చూడడానికి ఆకర్షణీయంగా ఉంటుంది, క్వార్టర్‌బ్యాక్‌లకు డ్రాఫ్ట్‌లో విలువ వస్తుంది. కాని పదిమంది తలా ముగ్గుర్ని పెట్టుకుంటే 32లో 30 మంది అక్కడే అయిపోతారు. 2023 సెప్టెంబరు 11న ఆరోన్ రాడ్జర్స్ జెట్స్ తరఫున మొదటి ఆటలో నాలుగవ స్నాప్‌కే అకిలీస్ స్నాయువు తెగి సీజన్‌కంతా దూరమయ్యాడు. మామూలు లీగ్‌లో అతణ్ణి తీసుకున్న మేనేజరు మరునాడే మరొక క్వార్టర్‌బ్యాక్‌ను తెచ్చుకుని ఆడుకున్నాడు. సూపర్‌ఫ్లెక్స్‌లో అదే మేనేజరుకు దక్కేది రాడ్జర్స్ స్థానంలో దిగిన జాక్ విల్సన్, అదీ ఎవరూ ముందుగా పట్టుకుపోకపోతే. అనుభవజ్ఞుల లీగ్ అయితే పెట్టుకోండి, లేకపోతే రెండేళ్లు ఆగండి.

ఐఆర్ స్లాట్ల విషయంలో పిసినారితనం పనికిరాదు. ఎన్ఎఫ్ఎల్‌లో ఇంజ్యూర్డ్ రిజర్వ్ మీదికి వెళ్లినవాడు కనీసం నాలుగు ఆటలకు దూరమవుతాడు. స్లాటు లేకపోతే ఆ నాలుగు వారాలూ బెంచ్‌లో ఒక కుర్చీ వృథా అవుతుంది. పొట్టి బెంచ్‌కు రెండు ఐఆర్ స్లాట్లు, మధ్యస్థ బెంచ్‌కు ఒకటి లేదా రెండు, పొడుగు బెంచ్‌కు ఒకటి చాలు. దీనిలో మెలిక మరొకటి ఉంది. కేవలం ఆ వారానికి ‘అవుట్’ అని ప్రకటించినవారిని కూడా ఆ స్లాటులో ఉంచనివ్వాలా వద్దా అన్నది ముందే తేల్చాలి. ఉంచనిస్తే అది దాదాపు అదనపు బెంచ్ కుర్చీయే. పైగా కోలుకున్న ఆటగాణ్ణి ఐఆర్ నుంచి తీయకుండా అలాగే దాచుకునే గడుసువారు ప్రతి లీగ్‌లోనూ ఉంటారు. కొత్తవారిని చేర్చుకోకుండా యాప్ వారిని ఆపుతుంది గాని, వారు ఎవరినీ చేర్చుకోదలచుకోకపోతే ఏమీ చేయలేదు. మా లీగ్‌లో ఒక వారం గడువు ఇస్తాము, ఆ తరువాత కమిషనర్ తీసివేస్తాడు.

కిక్కర్ గురించి నేనేమీ చెప్పను. ఉంచాలనుకునేవారు ఉంచుతారు, తీసేయాలనుకునేవారు ఏటా తీసేయాలంటారు.

## వేవర్: నాలుగు దారులు

ఎవరి జట్టులోనూ లేని ఆటగాణ్ణి వెంటనే పట్టుకుపోనివ్వకుండా కొంతకాలం ఆపి, ఆ లోపు అడిగినవారిలో ఎవరికి దక్కాలో ఒక పద్ధతి ప్రకారం తేల్చడమే వేవర్. ఆ పద్ధతులను ఒక్కొక్కటిగా చూద్దాం. పోల్చడానికి ఒకే సన్నివేశాన్ని తీసుకుంటాను: 2023 మొదటి వారం. రామ్స్ జట్టులో ప్రధాన రిసీవర్ కూపర్ కప్ గాయంతో లేడు. ఎన్ఎఫ్ఎల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అయిదవ రౌండులో, 177వ ఎంపికగా వచ్చిన పూకా నాకువా అనే కొత్త కుర్రవాడు సియాటిల్ మీద 10 క్యాచ్‌లతో 119 గజాలు సాధించాడు. అదే ఆటలో కైరెన్ విలియమ్స్ రెండు టచ్‌డౌన్‌లు చేశాడు. చాలా లీగ్‌లలో ఆ ఉదయానికి ఇద్దరూ ఎవరి జట్టులోనూ లేరు. నాకువా ఆ సీజన్‌ను 105 క్యాచ్‌లు, 1,486 గజాలతో ముగించాడు. తొలి ఏడాది ఆటగాడికి ఆ రెండూ అప్పటికి రికార్డులే. విలియమ్స్ 12 ఆటల్లోనే 1,144 గజాలు పరుగెత్తాడు. అంటే ఆ ఒక్క వారపు వేవర్ కొన్ని లీగ్‌ల ఫలితాన్నే మార్చివేసింది.

ముందు వచ్చినవారికే. వేవర్ లేనట్టే లెక్క. ఆ రామ్స్ ఆట మనకు సోమవారం వేకువ రెండు గంటలకు మొదలైంది. మేలుకుని చూస్తున్నవాడు రెండవ క్వార్టర్‌లోనే అంచనాకు వచ్చి, ఆట ముగియగానే చేర్చుకుంటాడు. అందరూ ఒకే ఊళ్లో ఉండి, అందరికీ ఒకే రకపు ఉద్యోగాలున్న లీగ్‌కు ఇది సరదాగా ఉండవచ్చు. రెండు దేశాల లీగ్‌కు మాత్రం వద్దే వద్దు.

వారం వారం తిరగబడే వరుస. పట్టికలో అట్టడుగున ఉన్నవారికి మొదటి హక్కు, అగ్రస్థానంలో ఉన్నవారికి చివరి హక్కు. సామాజిక న్యాయంలా వినిపిస్తుంది, కొంతవరకు నిజమే కూడా. కాని రెండు లోపాలున్నాయి. మొదటి వారంలో పట్టిక ఇంకా కుదురుకోదు కనుక నాకువా లాంటివాడు ఒక ఓటమి మాత్రాన ఎవరికో దక్కుతాడు. మరొకటి, అక్టోబరు తరువాత అట్టడుగున ఉండేవారు సాధారణంగా యాప్ తెరవడం మానేసినవారే. వారికి మొదటి హక్కు ఇచ్చి ప్రయోజనం లేదు. కొత్తవారు ఎక్కువగా ఉన్న మొదటి సంవత్సరానికి ఇది సరిపోతుంది, ఎందుకంటే వివరించడానికి ఒక్క వాక్యం చాలు.

దొర్లే వరుస. ఒకసారి హక్కు వాడుకున్నవారు వరుస చివరకు వెళతారు, వాడుకోనివారు మెల్లగా పైకి వస్తారు. రేషన్ దుకాణం దగ్గర వరుసలాంటిదే: సంచీ నింపుకున్నాక మళ్లీ వెనక్కి వెళ్లి నిలబడాలి. ఓపికకు విలువ ఇచ్చే పద్ధతి ఇది, తక్కువ సమయం వెచ్చించేవారికి కూడా అనుకూలమే. మొదటి స్థానం దొరికినవారు దానిని ఖర్చు చేయడానికి మనసొప్పక ఆరేడు వారాలు అలాగే కూర్చుంటారన్నదే దీని వింత. మా లీగ్‌లో ఒకరు మొదటి హక్కును అయిదవ వారం నుంచి భద్రంగా దాచి, ప్లేఆఫ్‌కు అర్హత పొందకుండానే సీజన్ ముగించారు.

ఫాబ్, అంటే రహస్య వేలం. ప్రతి మేనేజరుకూ సీజన్‌కంతా 100 డాలర్ల ఊహా నిధి ఇస్తారు. కావలసిన ఆటగాడికి ఎంత ఇస్తారో రహస్యంగా రాస్తారు, ఎక్కువ రాసినవారికి ఆటగాడు దక్కి, రాసిన మొత్తం నిధి నుంచి తగ్గిపోతుంది. మనవాళ్లకు దీనిని చిట్టీ పాట అని చెబితే చటుక్కున అర్థమవుతుంది గాని, తప్పుగా అర్థమవుతుంది. చిట్టీ పాటలో పక్కవారి ముఖం చూసి పాట పెంచవచ్చు, ఆపవచ్చు. ఇది సీలు వేసిన టెండరు. రెండవవాడు 12 రాసినా మీరు 41 రాసి ఉంటే 41 పోయినట్టే. ఆ 29 డాలర్ల తేడాను బుధవారం మధ్యాహ్నం అందరూ చూస్తారు, సాయంత్రం దాకా వెక్కిరిస్తారు.

నా ఓటు ఫాబ్‌కే. గడియారంతో దీనికి సంబంధం లేకపోవడమే దానికి మొదటి కారణం. సోమవారం రాత్రి ఆట మనకు మంగళవారం ఉదయం తొమ్మిది గంటల ప్రాంతంలో ముగుస్తుంది. అప్పుడు నేను అవుటర్ రింగ్ రోడ్డు మీద బైకు నడుపుతుంటాను, ఫోన్ జేబులోంచి తీసే వీలు ఉండదు. 2023 రెండవ వారంలో సోమవారం రాత్రి నిక్ చబ్ మోకాలికి తీవ్ర గాయమై, అతని స్థానంలో దిగిన జెరోమ్ ఫోర్డ్ 106 గజాలు పరుగెత్తినప్పుడు, ఆ వార్త నాకు ఆఫీసుకు చేరాకే తెలిసింది. అయినా నష్టపోలేదు. తీరిగ్గా ఆలోచించి టెండరు వేయడానికి బుధవారం మధ్యాహ్నం దాకా వ్యవధి ఉంది. రెండవ కారణం, ఇది ప్రతి ఒక్కరికీ ప్రతి ఆటగాడి మీదా అవకాశం ఇస్తుంది. వరుస పద్ధతుల్లో ఏడవ స్థానంలో ఉన్నవాడు నాకువాను కోరుకోవడం వృథా, ఫాబ్‌లో నిధి మొత్తం పెట్టడానికి సిద్ధపడితే అతనికే దక్కవచ్చు.

దీని బరువూ చెప్పాలి. లెక్క చూసుకోవడం ఇష్టంలేనివారికి ఇది హోంవర్క్‌లా అనిపిస్తుంది. మొదటి మూడు వారాల్లో నిధి అంతా ఊడ్చిపెట్టినవారు నవంబరులో చేతులు ముడుచుకుని కూర్చుంటారు. దానికి విరుగుడుగా సున్నా డాలరు వేలాన్ని అనుమతించండి, లేకపోతే నిధి అయిపోయినవారు బై వారంలో లైనప్ కూడా నింపుకోలేరు. ఇద్దరు ఒకే మొత్తం రాస్తే ఎవరికి దక్కాలో కూడా ముందే రాసుకోవాలి. దొర్లే వరుసను ఆ పేచీకి తీర్పుగా పెట్టడం నాకు నచ్చిన మార్గం. సున్నా వేలాలు పెరిగేకొద్దీ టైలు కూడా పెరుగుతాయి కనుక ఇది చిన్న విషయం కాదు.

| పద్ధతి | వార్త ఆలస్యంగా అందేవారికి | తక్కువ సమయం ఇచ్చేవారికి | అదృష్టపు వాటా | కమిషనర్‌కు తలనొప్పి |
|---|---|---|---|---|
| ముందు వచ్చినవారికే | అన్యాయం | అన్యాయం | తక్కువ, మేలుకున్నవారిదే రాజ్యం | ఎక్కువ |
| తిరగబడే వరుస | ఫర్వాలేదు | మంచిది | ఎక్కువ | తక్కువ |
| దొర్లే వరుస | మంచిది | మంచిది | మధ్యస్థం | తక్కువ |
| ఫాబ్ | చాలా మంచిది | కాస్త కష్టం | తక్కువ | మొదటి ఏడాది ఎక్కువ, తరువాత తక్కువ |

## బుధవారం తరువాత తలుపు తెరిచి ఉంచాలా?

పై నాలుగింటిలో ఏది ఎంచుకున్నా మరొక నిర్ణయం మిగిలి ఉంటుంది. ఎక్కువమంది దీనిని గమనించరు, మేము కూడా గమనించక దెబ్బతిన్నాము. బుధవారం తీర్పు తరువాత మిగిలిన ఆటగాళ్లను ఆట మొదలయ్యే క్షణం వరకు ఎవరైనా వెంటనే చేర్చుకోవచ్చన్నది మామూలు అమరిక. అంటే పేరుకు ఫాబ్ అయినా, బుధవారం నుంచి అది మళ్లీ ముందు వచ్చినవారి రాజ్యమే.

2024లో మొదటి వారం సోమవారం రాత్రి ఆట 49యర్స్‌కూ జెట్స్‌కూ మధ్య జరిగింది. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లలో సాధారణంగా మొదట పలికిన పేరు క్రిస్టియన్ మెక్‌కాఫ్రీ. మారతహళ్లిలో ఉండే మా బావమరిది కూడా అతణ్ణే తీసుకున్నాడు. సెప్టెంబరు 10 తెల్లవారుజామున, అందరూ నిద్రలో ఉన్న వేళ, మెక్‌కాఫ్రీ ఆడడం లేదన్న జాబితా వచ్చింది. డల్లాస్‌లో అప్పటికి ఇంకా సాయంత్రమే. అక్కడున్న మా తోడల్లుడు జోర్డన్ మేసన్‌ను ఒక్క నొక్కుతో తన జట్టులో చేర్చుకున్నాడు. మేసన్ 28 సార్లు బంతి పట్టుకుని 147 గజాలు పరుగెత్తి, ఒక టచ్‌డౌన్ కూడా చేశాడు. ఉదయం ఆరున్నరకు నాకు ఫోన్ వచ్చింది. “బావా, ఇదేం లీగ్ బావా? నేను నిద్రపోవడం కూడా తప్పేనా?” అన్నాడు. నియమం ప్రకారం అవతలివారు చేసిన దానిలో ఏ తప్పూ లేదు, అందుకే నాకు సమాధానం దొరకలేదు.

దీనికి మూడు మందులున్నాయి, ఏదీ పూర్తిగా నయం చేయదు. రోజూ వేవర్ నడపడం మొదటిది: ప్రతిరోజూ ఒకే వేళకు తీర్పు వెలువడుతుంది, ఎవరూ క్షణాల్లో ఎగరేసుకుపోలేరు. వారమంతా వేలం వేస్తూ ఉండాలి కనుక తీరిక లేనివారు అలసిపోతారు. రెండవది, బుధవారం తరువాత పూర్తిగా మూసివేయడం. ఇది అందరికీ సమానం, కాని శుక్రవారం గాయపడినవాడి బదులు ఎవరినీ తెచ్చుకోలేక ఖాళీ స్థానంతో ఓడిపోయే అవకాశం ఉంది. పొట్టి బెంచ్ లీగ్‌లో ఇది క్రూరం, ఏడెనిమిది మంది బెంచ్ ఉంటే భరించవచ్చు. మూడవది మేము ఇప్పుడు పాటిస్తున్నది: ఆదివారం మొదటి విడత ఆటలు మొదలయ్యే దాకా తలుపు తెరిచి ఉంటుంది, ఆ తరువాత బుధవారం దాకా ఎవరూ ఎవరినీ చేర్చుకోకూడదు. రాత్రి తొమ్మిది గంటల జాబితా అందరికీ మేలుకుని ఉన్నప్పుడే అందుతుంది కనుక ఆ గంటన్నర సమయం న్యాయమైన పోటీ. తెల్లవారుజాము వార్తలకు మాత్రం ఎవరి దగ్గర ఉన్న బెంచ్‌తో వారే సర్దుకోవాలి. మీ యాప్‌లో ఇటువంటి సెట్టింగు లేకపోతే దీనిని రాతపూర్వక నియమంగా పెట్టి, ఉల్లంఘించిన చేర్పును కమిషనర్ వెనక్కి తిప్పవలసి వస్తుంది. నాకు ఆ పని ఇష్టం లేదు, అయినా ఉదయం ఆరున్నర ఫోన్ల కంటే నయం.

ఈ మూడవ మందు తీసుకునేవారు ఒక అలవాటు చేసుకోవాలి. ఆలస్యంగా ఆడే ఆటగాడి ఆరోగ్యం అనుమానంగా ఉంటే అతణ్ణి ఫ్లెక్స్ స్థానంలో ఉంచండి, అతని తరువాతో, అతనితో పాటో ఆడేవాణ్ణి ఒకణ్ణి బెంచ్ మీద పెట్టుకోండి. రన్నింగ్ బ్యాక్ స్థానంలో ఉంచితే బదులు రన్నింగ్ బ్యాకే కావాలి, ఫ్లెక్స్‌లో ఉంచితే రిసీవరైనా సరిపోతాడు.

## ఎవరికి ఏది

అందరూ బెంగళూరులోనో చెన్నైలోనో ఉండి, సగం మందికి ఎన్ఎఫ్ఎల్ కొత్త అయితే: ఎనిమిది లేదా పది జట్లు, బెంచ్ అయిదు, ఐఆర్ రెండు, దొర్లే వరుస. బుధవారం తరువాత తలుపు తెరిచే ఉంచండి. అందరిదీ ఒకే గడియారం, తెల్లవారుజామున లేచి చేర్చుకునేంత పట్టుదల ఒకరికి ఉంటే వారినే గెలవనివ్వండి.

మాలాగా రెండు దేశాల్లో చెదిరి ఉన్న బంధుమిత్రులకు: పది జట్లు, బెంచ్ ఆరు, ఐఆర్ రెండు, 100 డాలర్ల ఫాబ్, సున్నా వేలానికి అనుమతి, ఆదివారం రాత్రి తాళం. ప్రతి అంశంలోనూ ఎవరో ఒకరు కాస్త నష్టపోతారు గాని, ఎప్పుడూ ఒకరే నష్టపోరు.

రాత్రి షిఫ్టులో పనిచేసేవారే ఎక్కువగా ఉన్న ఆఫీసు లీగ్ అయితే నా గడియారపు వాదన అంతా తలకిందులవుతుంది. వారు అమెరికా వేళకే మేలుకుని ఉంటారు కనుక రోజువారీ వేవర్ వారికి భారం కాదు, వినోదం. వారికి 12 జట్లు, బెంచ్ అయిదు, ఫాబ్ బాగుంటాయి.

ఆటను ఏళ్లతరబడి అనుసరిస్తున్నవారికి సూపర్‌ఫ్లెక్స్, బెంచ్ పది, ఐఆర్ ఒకటి, ఫాబ్. అయితే 12 జట్లు దాటకండి, ఎందుకో పై బెంచ్ పట్టికలో ఉంది.

## డ్రాఫ్ట్‌కు ముందే రాసిపెట్టవలసినవి

ప్లేఆఫ్ అవకాశం పోయినవారు తమ మంచి ఆటగాళ్లను వదిలేస్తే ఏమవుతుందో ముందే తేల్చండి. కొన్ని యాప్‌లు అగ్రశ్రేణి ఆటగాళ్లను వదలకుండా ఆపుతాయి, ఆ జాబితా ఎప్పుడూ సరిపోదు. మా నియమం ప్రకారం, అవకాశం పోయినవారికి ఆ క్షణం నుంచి చేర్పులు, వదలడాలు రెండూ ఉండవు. లైనప్ మాత్రం పెడుతూ ఉండాలి. వదిలేసిన ప్రతి ఆటగాడూ కనీసం ఒక రోజు వేవర్‌లో ఉండాలి. లేకపోతే ఒకరు వదలడం, వారితో మాట్లాడుకున్న మరొకరు మరుక్షణం అందుకోవడం జరుగుతుంది, అన్నదమ్ములున్న లీగ్‌లో మరీను. ఫైనల్‌ను 17వ వారంలో ముగించండి. 18వ వారంలో స్థానం ఖాయమైన జట్లు ముఖ్యులకు విశ్రాంతి ఇస్తాయి, బెంచ్ ఎంత ఉన్నా అప్పుడు అక్కరకు రాదు.

ఫాబ్ డాలర్లు అంకెలు మాత్రమేనని కొత్తవారికి స్పష్టంగా చెప్పండి. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న భేదం లేకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది, కాబట్టి ప్రవేశ రుసుము, బహుమతి సొమ్ము అన్న ఆలోచనే పెట్టుకోవద్దు. మా దగ్గర చివర నిలిచినవారు మరుసటి డ్రాఫ్ట్ రోజున మిగతావారికి గోంగూర పప్పు వండిపెట్టాలి. అమెరికావాళ్లు చివర నిలిస్తే ఏం చేయాలన్నది మాత్రం ఇంకా తేలలేదు, ఈ ఆగస్టు తగువులో అది మూడవ ప్రశ్న.